సొంత అన్న, అద్దె ఇల్లు

"ఇంకొంచెం ఎడమకి జరపండి. ఎడమకండీ! మీ ఎడమ కాదు, నా ఎడమ!"

అన్నయ్య బీరువాని వదిలేసి నడుం పట్టుకున్నాడు. ఊళ్లో సగం భవనాల లిఫ్టులు బాగుచేసే మనిషి, సొంత ఇంట్లో ఒక ఇనప బీరువా దగ్గర చేతులెత్తేశాడు.

"ముందు నా పక్కకొచ్చి నిలబడు. అప్పుడు ఇద్దరికీ ఒకటే ఎడమ ఉంటుంది," అన్నాడు.

వదిన నవ్వలేదు. మందుల షాపు కౌంటరు వెనక నిలబడి పొద్దస్తమానం ఊరందరికీ ఓపిగ్గా జవాబు చెప్పే వదిన, ఇంటికొచ్చేసరికి మొగుడికి ఆ ఓపికలో చిటికెడు కూడా మిగల్చదు.

"ఒరేయ్, పైన ఏంట్రా ఆ చప్పుడు?"

కింద నుంచి అమ్మ గొంతు. పైన ముగ్గురూ బిగుసుకుపోయారు.

"ఎలకమ్మా!" అన్నాడు అన్నయ్య.

"ఎలకా? ఏనుగు దొర్లుతున్నట్టుంది!"

"బాగా తిన్న ఎలకమ్మా. నువ్వు తయారవ్వు. పిన్ని వాళ్ల బండి వచ్చేస్తుంది."

అమ్మ ఏదో గొణుక్కుంటూ లోపలికి వెళ్లింది. అన్నయ్య మళ్లీ బీరువాకి భుజం ఆనించాడు. ఈసారి అది నేల మీద కిర్రుమని గీరుకుంటూ కదిలింది. దాని వెనక తలుపు మాయమైంది.

గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న మిరియం అప్పుడు నోరు విప్పింది. పిసరంత ఉన్నప్పటినుంచీ మాట ఘాటని అన్నయ్యే పెట్టిన పేరది. అసలు పేరు ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

"ఉన్న తలుపుని లేనట్టు చెయ్యడం దేనికన్నయ్యా?"

అది లోపలి మెట్ల మీదకి తెరుచుకునే తలుపు. కింద అన్నయ్య, వదిన, అమ్మ. పైన మిరియం, ఆమె కూతురు పాప. రెండేళ్లుగా ఆ తలుపుకి గడియ పడలేదు. టీ కప్పులూ కూరగిన్నెలూ పాప చదువు పుస్తకాలూ అన్నీ అటూ ఇటూ దాని గుండానే తిరిగాయి.

"ఒకటే ఇల్లు, మధ్యలో బార్లా తెరిచిన తలుపు. దీన్ని చూసి అద్దె ఇల్లని ఎవరంటారు?" అంది వదిన.

"మనం అంటాం. నిజం కాబట్టి. ప్రభుత్వం ఇచ్చే అద్దె సాయానికి దరఖాస్తు పెట్టినప్పుడే చెప్పాను, ఇల్లు మా సొంత అన్నయ్యదని. అద్దె నిజంగా కడుతుంటే చాలు, చుట్టరికం అడ్డు కాదన్నారు."

"నిజమైతే సరిపోదు మిరియం. నిజంలా కనపడాలి."

"ప్రతి నెలా నీ ఖాతాలోనే కదా వేస్తున్నాను వదినా? నీకూ నిజంలా కనపడటం లేదా?"

వదిన అన్నయ్య వైపు చూసింది. అన్నయ్య బీరువా వైపు చూశాడు. బీరువా ఒక్కటే ఎవరి వైపూ చూడలేదు.

నిన్న సాయంత్రం వచ్చిన ఫోను ఇంకా మిరియం చెవిలో మోగుతూనే ఉంది. 'అద్దె సాయం ఆఫీసు నుంచండీ. మీరు అసలు అద్దే కట్టడం లేదనీ, అన్నాచెల్లెళ్లు కలిసి నాటకం ఆడుతున్నారనీ మాకు సమాచారం వచ్చింది. రేపు వచ్చి చూస్తాం.' ఎవరు చెప్పారని అడిగితే, చెప్పకూడదన్నారు.

ఎవరు? రాత్రంతా అదే ప్రశ్న పక్క మీద అటూ ఇటూ దొర్లింది.

కళ్లద్దాల షాపు వెనక గదిలో అద్దాలు అరగదీసే పని మిరియంది. చీటీలో డాక్టరు రాసిన కొలత ప్రకారం అద్దాన్ని చెక్కి, ఫ్రేములో కూర్చోబెట్టాలి. యజమాని కొత్త యంత్రం తెచ్చి ఆమె పనిని సగానికి కోశాడు. సగం జీతంతో పిల్లని పెట్టుకుని బతుకుతున్న ఆడదానికి బయట ఇల్లెవరిస్తారు? నాలుగు ఇళ్లు అడిగింది. నాలుగూ "ఆలోచించి చెప్తాం" అన్నాయి. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాయి.

సగం జీతంలో తక్కువపడ్డ అద్దెని ప్రభుత్వం ఇచ్చే ఆ సాయమే పూడుస్తోంది. ఇప్పుడు అది ఆగితే అద్దె ఆగుతుంది. అద్దె ఆగితే పైకప్పు బాగుచేయించడానికి అన్నయ్య తెచ్చిన బ్యాంకు బాకీ ఆగదు. ఆ తర్వాత ఏమవుతుందో అన్నయ్య ఎప్పుడూ అనలేదు. అనకపోవడమే ఆమెకి భయం.

కింద బండి హారను మోగింది.

"హమ్మయ్య," అంది వదిన. "పాప బడికెళ్లింది, అత్తయ్య సాయంత్రం దాకా రారు."

అమ్మని పంపించేయాలన్నది మాత్రం ముగ్గురూ ఒప్పుకున్న మాట. ఎందుకంటే ఈ ఇంట్లో అమ్మకొక్కదానికే తెలియని సంగతి ఒకటుంది. మిరియం అద్దె కడుతోందని.

నాన్న పోయాక ఇల్లు కొడుకు పేరున రాసిస్తూ అమ్మ ఒకే ఒక్క మాట తీసుకుంది. 'పై భాగంలో నా కూతురికి ఎప్పుడూ చోటుండాలి.' అన్నయ్య అమ్మ తల మీద చెయ్యి పెట్టి మరీ ఒప్పుకున్నాడు. మొగుడితో తెగతెంపులై మిరియం పాపతో వచ్చేసరికి అన్నయ్యకి కంపెనీలో అదనపు పని పోయింది, పైకప్పు కారుతోంది. "ఊరికే ఉండను, అద్దె తీసుకో" అని ముందు అన్నది మిరియమే. "తీసుకుంటాను గానీ, అమ్మకి చెప్పకు. తెలిస్తే నా మొహం చూడదు" అన్నాడు అన్నయ్య.

మంచికని దాచారు. ఇప్పుడు ఆ మంచే మెడకి చుట్టుకుంది.

*

బండి వీధి మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూసి, వదిన చేతులు దులుపుకుంది.

"ఇంతకీ ఎవరు చెప్పి ఉంటారంటావ్?" అంది, కొత్త మూకుడు ఒకటి తెచ్చి మిరియం పొయ్యి మీద పెడుతూ.

"నువ్వే చెప్పు వదినా."

"నన్నడిగితే మీ ఆయనే. ఇంటికి దూరమైనా కడుపుమంటకి దూరం కాలేదు కదా."

"ఆయనకి నేను సాయం తీసుకుంటున్న సంగతే తెలియదు."

"మీ షాపు వాళ్లు?"

"వాళ్లకీ తెలియదు." మిరియం ఒక్కో మాటా తూచినట్టు అంది. "తెలిసినవాళ్లం ముగ్గురం. నేను చెప్పుకోలేదు. అన్నయ్య చెప్పడు."

మూకుడు పొయ్యి మీద ఠంగుమంది.

"అంటే?"

"నేనేమీ అనలేదు వదినా. లెక్క చెప్పాను."

"లెక్కల్లో నువ్వు ఎప్పుడూ వీకేనని మీ అన్నయ్య చెప్పేవారే! ఇప్పుడు బాగా వచ్చినట్టున్నాయి." వదిన గొంతు వణికింది. కోపమో, మరొకటో. "పొద్దున్నే షాపుకి సెలవు పెట్టి, నీ గది తుడిచి, నీ తలుపుకి తాళం కొనుక్కొచ్చి బిగించి, నీ పొయ్యి మీద మూకుడు పెడుతున్నా. నేనే ఫిర్యాదు చేసి నేనే ఇవన్నీ చేస్తానా? నాకు పనేం లేదా?"

అదే మిరియంకి అంతుబట్టనిది. రెండేళ్లలో ఒక్కసారి కూడా పైకొచ్చి చీపురు పట్టని వదిన, ఈరోజు ఇంత హడావిడి ఎందుకు పడుతోంది?

"ఏంటే ఇద్దరూ?" అన్నాడు అన్నయ్య మధ్యలోకి వస్తూ. "వచ్చే ఆవిడ ముందు కూడా ఇలాగే పోట్లాడుకోండి. ఇంటాయన పెళ్లాం, అద్దెకున్నావిడ. అచ్చం నిజంలా ఉంటుంది."

ఎవరూ నవ్వలేదు. బయటి మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడింది.

*

ఆఫీసరమ్మకి జలుబు చేసింది. ముక్కు తుడుచుకుంటూ, మాట మాటకీ 'క్షమించాలి' అంటూ, ఎవరింటికో పేరంటానికి వచ్చినంత మెత్తగా వచ్చింది. కళ్లు మాత్రం మెత్తగా లేవు. గుమ్మం దగ్గరే ఆగి తాళాన్ని వేలితో తట్టింది.

"కొత్తదిలా ఉందే. ఎప్పుడు బిగించారు?"

"పోయిన నెల," అంది వదిన.

"నిన్న," అన్నాడు అన్నయ్య.

ఇద్దరూ ఒకేసారి అన్నారు.

"ఓహో," అంది ఆఫీసరమ్మ. లోపలికొచ్చి పొయ్యి దగ్గర ఆగింది. "వంట ఇక్కడేనా అమ్మా?"

మిరియం నోరు తెరిచేలోపే వదిన అందుకుంది. "ఇక్కడేనండీ. రోజూ. మాదీ వాళ్లదీ వంట వేరు, వార్పు వేరు."

ఆఫీసరమ్మ మూకుడు పైకెత్తి అడుగు చూసింది. అడుగున షాపువాళ్లు అంటించిన కాగితం బొమ్మ నిగనిగలాడుతోంది.

"రోజూ వండుతున్నా ఈ కాగితం కూడా మాడలేదు. చెయ్యి తిరిగిన వంటే," అంది, నవ్వకుండా.

మిరియం చెవులు వేడెక్కాయి. నిజం చెప్పాలని ఉంది. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు. అబద్ధాలు ఇల్లంతా కుర్చీలేసుకుని కూర్చున్నాయి, నిజానికి కూర్చోడానికి చోటు లేదు.

ఆఫీసరమ్మ గది మధ్యకి వచ్చి నేల చూసింది. బీరువా గీరిన తెల్లటి చార, ఆ గోడ నుంచి ఈ గోడ దాకా.

"ఈ బీరువా వెనక ఏముంది?"

"గోడండీ," అంది వదిన.

"ఒట్టి గోడేనా?"

"ఒట్టి గోడే."

అప్పుడు ఆ ఒట్టి గోడ దబదబా మోగింది.

"ఏమే!" అంది గోడ. "తలుపుకేం రోగమొచ్చింది? ఎంత తోసినా రాదే?"

అన్నయ్య కళ్లు మూసుకున్నాడు. బీరువా ఒకసారి ఊగింది. లోపల హ్యాంగర్లు గలగలలాడాయి.

"ఒరేయ్! ఎవరూ పలకరేం? కళ్లజోడు మర్చిపోయానని సగం దారిలోంచి వెనక్కొచ్చాను. ఈ మోకాళ్లతో ఇన్ని మెట్లెక్కి వస్తే తలుపు తియ్యరా?"

ఆఫీసరమ్మ నింపాదిగా కుర్చీలో కూర్చుని ముక్కు తుడుచుకుంది.

"గోడలకి చెవులుంటాయని విన్నాను. నోరు కూడా ఉంటుందని ఇప్పుడే తెలిసింది."

వదిన ఏదో అనబోయింది. మిరియం ఆమెని దాటుకుని వెళ్లి బీరువా ఒక కొస పట్టుకుంది.

"పట్టన్నయ్యా."

"మిరియం..."

"పట్టు. ఇక చాలు."

బీరువా పక్కకి జరిగింది. తలుపు తెరుచుకుంది. అమ్మ ఆయాసపడుతూ లోపలికి వచ్చింది. ముందు బీరువాని చూసింది, తర్వాత కొడుకుని, తర్వాత కుర్చీలో ఉన్న కొత్త మనిషిని.

"ఇదేనా ఎలక?" అంది.

ఆమె బీరువాని అందో, ఆఫీసరమ్మని అందో ఎవరికీ అర్థం కాలేదు.

*

"తలుపు ఉందండీ," అంది మిరియం. "ఎప్పుడూ ఉంది. ఈ పొద్దున్నే బీరువా అడ్డం పెట్టాం. తాళం కూడా పొద్దున్నే బిగించాం. మూకుడు నాది కాదు. వంట ఎక్కువగా కిందే. సరుకుల్లో నా వాటా నేను తెస్తాను. భయపడి చేసిన పనులివన్నీ. అద్దె మాత్రం నిజంగా కడుతున్నాను. ఇదిగో చూడండి."

ఫోను తీసి నెల నెలా పంపినవి చూపించింది. ఆఫీసరమ్మ ఒక్కొక్కటే పైకి జరుపుతూ చూసింది.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుందమ్మా మీ పని. అన్నగారింట్లో ఉండటం తప్పు కాదు. మధ్యలో తలుపుండటమూ తప్పు కాదు. కలిసి తింటే ఆఫీసుకేం నష్టం? ఈ దాచడం ఒక్కటే..."

ఆమె గొంతులో కొంచెం మెత్తదనం నిజంగానే వచ్చింది. మిరియం గుండె ఒక మెట్టు దిగి కూర్చుంది.

అంతలో అమ్మ అడిగింది. "ఏం కడుతున్నావే?"

అన్నయ్య గబగబా అమ్మకి అడ్డం వచ్చాడు.

"ఏం లేదమ్మా, కళ్లజోడు కింద టీవీ మీద ఉంది, తెస్తానుండు," అన్నాడు అన్నయ్య.

"నువ్వాగరా. నిన్నడగలేదు. ఇది అద్దె అంది. నేను విన్నాను. చూపు తగ్గిందిగానీ చెవులు బాగానే ఉన్నాయి." అమ్మ ఆఫీసరమ్మ వైపు తిరిగింది. "మీరెవరో నాకు తెలియదు తల్లీ. ఎవరో మీకు తప్పు చెప్పారు. ఈ ఇంట్లో అద్దె ఏంటి? తోడబుట్టినదాని దగ్గర అద్దె తీసుకునేవాడు మనిషేనా? నా కొడుకు బంగారం. చెల్లెల్ని కంటికి రెప్పలా చూసుకుంటున్నాడు. దమ్మిడీ ముట్టుకోడు."

"అమ్మా!" అంది మిరియం.

"ఉండవే, చెప్పనీ! నేను అందరికీ చెప్తూనే ఉంటాను. కళ్లాసుపత్రిలో చెప్పాను, పార్కులో బెంచీ మీద కూర్చునే వాళ్లందరికీ చెప్పాను. ఇలాంటి అన్న ఎవరికుంటాడు చెప్పండి?"

"అందరికీ చెప్తారా అమ్మా?" అంది ఆఫీసరమ్మ నెమ్మదిగా.

"అందరికీ!"

మిరియం మెల్లగా వదిన వైపు చూసింది. వదిన కళ్లల్లో నీళ్లు. 'చూశావా, నన్నన్నావు' అన్నట్టుంది ఆ చూపు. నిన్నటినుంచి నలిగిన ప్రశ్నకి జవాబు ఇంత దగ్గర్లో, కళ్లజోడు వెతుక్కుంటూ నిలబడి ఉంది. కన్నతల్లి గొప్ప, పార్కు బెంచీ మీదుగా ఎవరి చెవినో పడి, ఆఫీసు దాకా నడిచింది. అంతే. పాపం వదిన. మిరియంకి సిగ్గేసింది.

"చిక్కొచ్చి పడిందండీ," అంది ఆఫీసరమ్మ. "ఫిర్యాదులో ఉన్నది కూడా ఇదే మాట. ఆ ఇంటి పెద్దావిడే అద్దె లేదంటోందని. ఇప్పుడు ఆవిడే నా ఎదురుగా చెప్పారు. మీరు ఫోనులో చూపించింది వదినగారికి పంపిన డబ్బు. అది అద్దో, ఇంటి ఖర్చో, చేబదులో నాకేం తెలుసు? మీలో మీరు సాక్ష్యం చెప్పుకుంటే పిల్లికి ఎలక సాక్ష్యం."

"మరి నేనేం చెయ్యాలండీ?" అంది మిరియం.

"మీరు కాదమ్మా. ఆయన చెప్పాలి."

ఆఫీసరమ్మ అన్నయ్య వైపు తిరిగింది.

"మేం ఎక్కడికెళ్లినా చివరికి ఒకటే అడుగుతాం. అద్దె ఇల్లంటే ఏంటి? కట్టకపోతే పొమ్మనే ఇల్లు. పొమ్మనకపోతే అది అద్దె ఇల్లు కాదు, పుట్టిల్లు. పుట్టింట్లో ఉండటానికి ప్రభుత్వం సాయం చెయ్యదు. చెప్పండి. ఈవిడ అద్దె కట్టలేకపోతే మీరు ఖాళీ చేయిస్తారా?"

అన్నయ్య అటూ ఇటూ చూశాడు.

ఒక పక్క అమ్మ. తల మీద చెయ్యి పెట్టించుకున్న అమ్మ. ఇంకో పక్క చెల్లెలు. 'చేయించను' అంటే కొడుకుగా గెలుస్తాడు, మిరియం సాయం ఇక్కడే, ఈ నిమిషమే ఆగిపోతుంది. ఇంతవరకూ తీసుకున్నది తిరిగి కట్టమన్నా అంటారు. 'చేయిస్తాను' అంటే...

"దానికి ఆలోచనెందుకురా?" అంది అమ్మ. నవ్వుతూనే. "చెప్పు. చేయించనని చెప్పు."

మిరియం అన్నయ్య కళ్లలోకి చూసింది. 'అబద్ధమైనా సరే, చేయిస్తానను. ఒక్క మాట. నేనేమీ అనుకోను.' చిన్నప్పుడు ఒకరి తప్పు ఒకరు కాసినప్పుడు చూసుకున్న చూపే అది. అన్నయ్యకి అర్థమైంది. 

"చేయిస్తాను," అన్నాడు.

అమ్మ నవ్వు మొహం మీదే ఆగిపోయింది.

"ఏంట్రా?"

"అద్దె తీసుకుంటున్నానమ్మా. రెండేళ్లుగా. మిరియం చెప్పేది నిజం. నీకు చెప్పలేదు. కట్టకపోతే ఖాళీ చేయిస్తాను."

అమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. పక్కనున్న మంచం పట్టెని చేత్తో తడుముకుని కూర్చుంది. ఎదురుగా ఉన్న కొడుకుని ఎవరో అన్నట్టు చూసింది. కళ్లజోడు లేదు కాబట్టి అలా చూసిందనుకుంటే బావుండునని మిరియంకి అనిపించింది.

"ఇలాంటి మాట ఎవరైనా అంటారండీ," అంది ఆఫీసరమ్మ. "చెల్లెలి సాయం పోతుందంటే నేనైనా అంటాను. మాట కాదు నాకు కావలసింది."

"మాట కాదు." అన్నయ్య నేల మీది తెల్ల చార మీద నుంచి కళ్లెత్తలేదు. "పోయిన నెల వాళ్ల షాపులో జీతం ఆలస్యమైంది. అద్దె ఆలస్యమైంది. బ్యాంకువాళ్లు నా మీద పడ్డారు. అప్పుడే వేరేవాళ్లకి ఇస్తానని మాటిచ్చేశాను."

మిరియం లోలోపల మెచ్చుకుంది. అబ్బ, ఎంత బాగా నటిస్తున్నాడు!

"ఎవరికి?"

"ఒకళ్లకి. కొత్తగా పెళ్లయినవాళ్లు."

"ఎప్పుడు దిగుతారు?"

"ఇది ఖాళీ అవ్వగానే."

"చెల్లెలుగారికి చెప్పారా?"

"ఇంకా లేదు. ఎలా చెప్పాలో తెలియక..."

అన్నయ్య గొంతు బొంగురుపోయింది. ఆ బొంగురు దగ్గర మిరియంకి మొదటిసారి తేడా తెలిసింది. అన్నయ్యకి అబద్ధం చెప్పడం రాదు. తాళం గురించి కూడా వదినతో కలిపి చెప్పలేకపోయాడు. ఎలక అని చెబితే అమ్మే నమ్మలేదు. అలాంటి మనిషి ఇప్పుడు తడుముకోవడం లేదు.

"మంచిది," అంది ఆఫీసరమ్మ. "ఆ దిగేవాళ్ల నంబరుంటుంది కదా మీ దగ్గర? ఒకసారి చేయండి. నా ముందు. స్పీకరు పెట్టి."

"ఇప్పుడెందుకండీ?" అంది వదిన. అప్పటిదాకా గోడకి ఆనుకుని ఉన్న మనిషి ఒక అడుగు ముందుకేసింది. "పనివేళల్లో ఎత్తుతారో లేదో! నేను సాయంత్రం చేయించి మీకు..."

"ఎత్తకపోతే సాయంత్రమే చేద్దాం. ముందు చెయ్యనివ్వండి."

అన్నయ్య జేబులోంచి ఫోను తీశాడు. 'నంబరు లేదను' అని మిరియం మనసులో మొక్కింది. సాయం పోతే పోయింది. నంబరు దొరకలేదను. పేరు మర్చిపోయానను. నటన అని చెప్పు.

అతను వెతుక్కోలేదు. రెండుసార్లు నొక్కాడు, అంతే. ఫోను మంచం మీద అమ్మ పక్కన పెట్టాడు.

గంట మోగింది. ఒకసారి. ఇంకోసారి మోగుతుండగానే అటునుంచి ఎత్తారు.

"చెప్పు బావా!" హుషారైన కుర్రగొంతు గది నిండా పరుచుకుంది. "ఏమైంది? సాయం ఆపేసినట్టేనా?"

వదిన తమ్ముడు. మొన్ననే పెళ్లయినవాడు.

అన్నయ్య దెబ్బ తిన్నవాడిలా ఫోను వైపు వంగాడు. అతని మొహం చూస్తే ఆ ప్రశ్న అతను కూడా ఊహించలేదని తెలుస్తోంది. లేదా అలా కనపడాలని చూస్తున్నాడు. మిరియంకి ఇక ఏదీ పోల్చుకోవడం చేతకావడం లేదు.

"హలో? బావా? అక్క ఉందా అక్కడ?"

"ఎవరండీ మాట్లాడేది?" అంది ఆఫీసరమ్మ.

ఫోను టక్కున ఆగిపోయింది.

మిరియం వదిన వైపు తిరిగింది. వదిన కళ్లల్లో ఇందాకటి నీళ్లు ఇంకా అలాగే ఉన్నాయి. అవి దేనికి వచ్చిన నీళ్లో, పొద్దున్నే ఆ తాళమూ మూకుడూ పట్టుబడటానికే తెచ్చిందో ఏమో, ఇప్పుడు మళ్లీ మొదటినుంచి లెక్క వేసుకోవాలి.

ఆఫీసరమ్మ సంచీ సర్దుకుని లేచింది. మిరియం దగ్గరికొచ్చి, జలుబు గొంతుతోనే అయినా ఒక్కో మాటా స్పష్టంగా అంది.

"మీరు అద్దెకే ఉంటున్నారమ్మా. అందులో నాకింక ఏ అనుమానమూ లేదు. ఇంతకంటే పెద్ద రుజువు నేనెక్కడా చూడలేదు. మీ సాయం ఆగదు." ఆమె గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "కాకపోతే, వచ్చే నెల నుంచి ఏ ఇంటి అద్దెకి ఇవ్వాలో మీరే నాకు చెప్పాలి."

బయటి మెట్ల మీద ఆమె అడుగులు దూరమయ్యాయి.

మంచం మీద ఫోను మళ్లీ మోగింది. అదే నంబరు.

వదిన చెయ్యి చాచింది. "ఇలా ఇవ్వండి. నేను మాట్లాడతాను."

అన్నయ్య ఫోను చేతిలోకి తీసుకున్నాడు. ఇవ్వలేదు. ఎత్తలేదు. చెల్లెలి వైపు ఒకసారి, పెళ్లాం వైపు ఒకసారి చూశాడు. ఫోను అతని గుప్పిట్లో వణుకుతూ మోగుతూనే ఉంది.

"ఎత్తరా," అంది అమ్మ. అప్పటిదాకా లేని గొంతు అది. నాన్న పోయిన రోజున కూడా మిరియం ఆ గొంతు వినలేదు. "స్పీకరు పెట్టి ఎత్తు. ఈసారి నేను మాట్లాడతాను."